కొత్త డిస్ట్రోలో పాత సోర్స్: మేక్ కొట్టే ముందు జాగ్రత్తలు

మీ లినక్స్ డిస్ట్రోని, ఉబుంటునో డెబియన్‌నో, కొత్త వెర్షన్‌కి మార్చాక, అంతవరకు సాఫీగా బిల్డ్ అయిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ చివరి మెట్టు దగ్గర ఆగిపోతుంటుంది. కంపైల్ అంతా అయిపోతుంది. ఆఖరున వరసగా "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" లైన్లు, వాటి కింద "కలెక్ట్2: ఎర్రర్: ఎల్‌డీ రిటర్న్డ్ 1 ఎగ్జిట్ స్టేటస్". చాలామంది ఈ ఆఖరి లైన్‌నే కాపీ చేసి సాయం అడుగుతారు. లింకింగ్, అంటే కంపైలైన ముక్కల్ని లైబ్రరీలతో కలిపి ప్రోగ్రామ్‌గా చేయడం, జరగలేదన్న మాట తప్ప అందులో ఏమీ లేదు. పైకి వెళ్లి మొట్టమొదటి ఎర్రర్ చదవాలి. చాలాసార్లు దాని మూలం కూడా మేక్‌లో (బిల్డ్ నడిపే కమాండ్) ఉండదు, అంతకుముందే కాన్ఫిగర్ (మెషీన్‌లో ఏమేం ఉన్నాయో వెతికే మెట్టు) దగ్గర ఉంటుంది. అందుకే జాగ్రత్తలన్నీ మేక్‌కి ముందే తీసుకోవాలంటాను.

డిస్ట్రో మారితే పాత బిల్డ్ ఫోల్డర్‌ని నమ్మకండి. కాన్ఫిగర్ పని చేసే సీమేక్ అనే టూల్ తన క్యాష్ ఫైల్లో పాత లైబ్రరీల దారులే రాసిపెట్టుకుంటుంది. పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు (ఒక్కో సోర్స్ ఫైలు కంపైలయ్యాక వచ్చేవి) పాత కంపైలర్‌వి. ఆ ఫోల్డర్ మొత్తం తీసేసి, సోర్స్‌కి బయట కొత్త ఫోల్డర్‌లో మొదలుపెట్టండి.

తర్వాత డెవలప్‌మెంట్ ప్యాకేజీలు. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మెషీన్‌లో ఉన్నంత మాత్రాన దానితో లింక్ చేయలేం. హెడర్లు (లైబ్రరీలో ఏమున్నాయో కంపైలర్‌కి చెప్పే ఫైళ్లు), లింకర్ వెతికే పేరుతో ఉండే లైబ్రరీ ఫైలు వేరే ప్యాకేజీలో వస్తాయి. డెబియన్, ఉబుంటుల్లో దాని పేరు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్, ఫెడోరాలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవెల్. "కెనాట్ ఫైండ్" అని లింకర్ అంటే ముందు ఇదే చూడండి. ఆ ప్రోగ్రామ్ మీ డిస్ట్రోలో ఇప్పటికే ప్యాకేజీగా ఉంటే, సోర్స్ రిపాజిటరీ లైన్లు ఆన్ చేసి "ఆప్ట్ బిల్డ్-డెప్" నడపండి. కావలసినవాటిలో చాలావరకు ఒక్కసారే వచ్చేస్తాయి.

కాన్ఫిగర్ ముగిశాక వచ్చే జాబితాను దాటేయకండి. ఏది దొరికింది, ఏది "నో" అని తేలింది అక్కడే ఉంటుంది. లైబ్రరీ ఉండి కూడా "నో" అంటే కాన్ఫిగర్ తన పరీక్షల వివరాలు రాసే కాన్ఫిగ్.లాగ్ తెరవండి. ఉదాహరణకు, 2016లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0లో ఎస్‌ఎస్‌ఎల్_లైబ్రరీ_ఇనిట్ ఫంక్షన్‌గా పోయి, హెడర్‌లో మాత్రమే ఉండే మాక్రోగా మారింది. ఆ పేరుతో లైబ్రరీని పరీక్షించే పాత కాన్ఫిగర్ స్క్రిప్టులు, లైబ్రరీ ఎదురుగా ఉన్నా లేదంటాయి. అప్పుడు ప్యాకేజీని ఎన్నిసార్లు తిరిగి పెట్టినా ఫలితం ఉండదు, ఆ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ తెచ్చుకోవాలి.

ఎక్కువమంది తడబడేది లైబ్రరీల వరుస దగ్గర. లింకర్ ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. స్టాటిక్ లైబ్రరీ (ప్రోగ్రామ్‌లోకే కోడ్ చేరిపోయేది) ఎదురైతే, అప్పటిదాకా ఎవరో అడిగి ఉన్న సింబల్స్‌కి (ఫంక్షన్లు, వేరియబుళ్ల పేర్లు) సరిపడా మాత్రమే తీసుకుని ముందుకు సాగిపోతుంది. పంక్తిలో వడ్డన దాటిపోయాక వచ్చి కూర్చున్నవాడి విస్తరిలా, లైబ్రరీ తర్వాత వచ్చిన ఆబ్జెక్ట్ ఫైలుకు ఏమీ దక్కదు. ఉబుంటు 11.10 నుంచి "యాజ్-నీడెడ్" (అవసరమైన లైబ్రరీలనే ఉంచడం) డిఫాల్ట్ అయింది కాబట్టి అక్కడ షేర్డ్ లైబ్రరీలకూ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లోడ్ అయ్యేవి) ఇదే చిక్కు. ఆటోటూల్స్ (కాన్ఫిగర్ స్క్రిప్టు తయారుచేసే టూల్స్) ప్రాజెక్టుల్లో మైనస్ ఎల్‌తో మొదలయ్యే లైబ్రరీ పేర్లను ఎల్‌డీఫ్లాగ్స్‌లో పెట్టకండి, అవి ఆబ్జెక్టుల కన్నా ముందు పడతాయి. లిబ్స్ వేరియబుల్‌లో పెట్టండి. "డీఎస్‌ఓ మిస్సింగ్ ఫ్రమ్ కమాండ్ లైన్" అని వస్తే కంగారు అక్కర్లేదు, కావలసిన లైబ్రరీ పేరు ఆ మెసేజ్‌లోనే ఉంటుంది. టెర్మినల్ స్క్రీన్ లైబ్రరీ ఎన్‌కర్సెస్ వాడే ప్రోగ్రాముల్లో తరచూ అది టిన్ఫో.

కంపైలర్ వెర్షన్ కూడా చూసుకోండి. 2020లో వచ్చిన జీసీసీ కంపైలర్ 10వ వెర్షన్ నుంచి, హెడర్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా గ్లోబల్ వేరియబుల్ ప్రకటించిన పాత సీ కోడ్ "మల్టిపుల్ డెఫినిషన్" అంటూ ఆగిపోతుంది. మైనస్ ఎఫ్‌కామన్ ఫ్లాగ్ ఇస్తే గడిచిపోతుంది కానీ, హెడర్‌లో ఎక్స్‌టర్న్ పెట్టి ఒక్క సీ ఫైలులో నిర్వచించడమే అసలు మందు. ఆ ప్యాచ్‌ను ప్రాజెక్టు వాళ్లకు పంపితే తర్వాత వచ్చేవాళ్లకు బాధ తప్పుతుంది. ఇక సీ++లో, దొరకని పేరు మధ్యలో "సీఎక్స్ఎక్స్11" కనిపిస్తే, 2015 నాటి జీసీసీ 5తో మారిన స్ట్రింగ్ ఏబీఐ (కంపైలైన ముక్కలు ఒకదానితో ఒకటి కలిసే పద్ధతి) గుర్తుకు రావాలి. ఒక లైబ్రరీ పాత పద్ధతిలో, మీ కోడ్ కొత్త పద్ధతిలో తయారైందన్నమాట. రెండింటినీ ఒకే పద్ధతిలో మళ్లీ బిల్డ్ చేయాలి.

యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్‌లో గతంలో చేత్తో ఇన్‌స్టాల్ చేసినవి మిగిలి ఉన్నాయేమో చూడండి. హెడర్ ఒక వెర్షన్‌ది, లైబ్రరీ మరో వెర్షన్‌ది కలిస్తే కంపైల్ అయినా లింక్ కాకపోవచ్చు.

కంపైలర్ టూల్స్ సమాహారం ఎల్‌ఎల్‌వీఎమ్ లాంటి భారీ ప్రాజెక్టు అయితే మెమరీ గురించి ముందే ఆలోచించండి. "సిగ్నల్ 9, కిల్డ్" అని లింకర్ పడిపోతే సాధారణంగా అది కోడ్ తప్పు కాదు, ర్యామ్ చాలక కెర్నల్ దాన్ని చంపేసింది. డీబగ్ బదులు రిలీజ్ బిల్డ్ ఎంచుకోండి. మేక్ లాంటి టూల్ నింజాతో బిల్డ్ చేస్తూ ఎల్‌ఎల్‌వీఎమ్_ప్యారలల్_లింక్_జాబ్స్‌ను 1కి తగ్గించండి. లింకర్‌గా ఎల్‌ఎల్‌డీ పెట్టుకుంటే ఇంకా తేలిక.

ఇంత చేసినా ఆగితే, లింక్ కమాండ్ పూర్తిగా కనబడేలా ఆటోమేక్ ప్రాజెక్టులో వీ=1తో, సీమేక్ మేక్‌ఫైళ్లలో వెర్బోస్=1తో మేక్ నడపండి. దొరకని సింబల్ ఆ లైబ్రరీలో నిజంగా ఉందో లేదో ఎన్‌ఎమ్ అనే కమాండ్ చెబుతుంది.

బిల్డ్ అయ్యాక ప్రోగ్రామ్ నడిపితే "ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్" అని వస్తే మళ్లీ బిల్డ్ మొదలుపెట్టకండి, లింకింగ్ సరిగ్గానే జరిగింది. లైబ్రరీని కొత్తగా ఇన్‌స్టాల్ చేశాక రూట్‌గా ఎల్‌డీకాన్ఫిగ్ (లైబ్రరీల జాబితాను తాజా చేసే కమాండ్) ఒకసారి నడిపి, ప్రోగ్రామ్‌కి కావలసిన లైబ్రరీలను చూపే ఎల్‌డీడీతో ఏది "నాట్ ఫౌండ్" అంటోందో చూడండి.