సెట్టు ఆటల్లో తగువులు: ఎక్కడ తేడా వస్తోంది, ఎలా సరిచేసుకోవాలి

సంక్రాంతికి నెల్లూరులో చుట్టాలంతా చాప మీద చేరారంటే ఒంగోలు బావది ఒక రూలు, కావలి బాబాయిది ఇంకో రూలు. రమ్మీ అయినా, పిల్లల చీటీల ఆట అయినా, ఒకే రకం ముక్కలు కూర్చే ఆటల్లో గొడవకు మూలం చాలావరకు రెండే: పంచకముందు తేల్చుకోని రూలు, లెక్క తప్పిన కట్ట. మీ ఇంట్లో ఏ గొడవ వస్తోందో దాన్ని బట్టి కింద చూసుకోండి.

సమస్య: షో చెప్పగానే కేకలు మొదలు

పదమూడు ముక్కల రమ్మీలో అన్నిటికన్నా ఎక్కువగా చెడేది ఇక్కడే. బావ తన ముక్కలన్నీ కుదిరాయని షో అంటూ పరిచాడనుకోండి: ఆఠీను ఏడు, ఎనిమిది, పక్కన జోకర్ (ఏ ముక్క బదులైనా వాడుకునేది), కళావరు జాకీ, రాణి, ఇంకో జోకర్, నాలుగు రకాల్లో (ఆఠీను, కళావరు, ఇస్పేటు, డైమను) నాలుగు మూళ్లు, ఆఖరున మూడు తొమ్మిదులు, అందులో రెండు ఇస్పేట్లు, ఒకటి డైమను. చూడ్డానికి చేయి నిండుగానే ఉంది. కానీ ఇందులో రెండు తప్పులున్నాయి.

మొదటిది, జోకర్ సాయం లేని సీక్వెన్స్, అంటే ఒకే రకంలో వరసగా వచ్చే ముక్కలు, ఒక్కటీ లేదు. మనవాళ్లు లైఫ్ అనేది దాన్నే. కనీసం రెండు సీక్వెన్సులు ఉండాలి, అందులో ఒకటి అసలుది కావాలి. రెండోది, ఒకే అంకె ముక్కలు మూడో నాలుగో కూర్చే ట్రిప్లెట్‌లో ఒకే రకం ముక్క రెండుసార్లు రాకూడదు. రెండు కట్టలు కలిపి ఆడతాం కాబట్టి ఇస్పేటు తొమ్మిది రెండుసార్లు చేతికి రావడం మామూలే. కొన్ని ఇళ్లలో దాన్ని ఒప్పుకుంటారు, తగువు పుట్టేది అక్కడే. వాడుకలో ఉన్న రూలు ప్రకారం ఇది తప్పు షో, శిక్షగా 80 పాయింట్లు పడతాయి.

పరిష్కారం ఒక తెల్లకాగితం. పంచకముందే దాని మీద నాలుగైదు మాటలు రాసి చాప పక్కన పెట్టండి. ఒకే రకం తొమ్మిదులు రెండు చెల్లుతాయా? ఆసు రెండు మూడు పక్కనా, రాణి రాజు పక్కనా రెండు చోట్లా చెల్లుతుందా? (మామూలుగా చెల్లుతుంది, రాజు, ఆసు, రెండు వరస మాత్రం చెల్లదు.) మొదట్లోనే డ్రాప్ అయితే (ఆట వదిలేస్తే) 20 పాయింట్లు, మధ్యలో అయితే 40 సరేనా? ఆ ఆటకు జోకర్ ఏదో తేల్చడానికి తీసిన ముక్క, కట్టలో జోకర్ బొమ్మతోనే వచ్చే అచ్చు జోకర్ అయితే ఏం చేయాలి? ఆ చివరిది చాలా ఇళ్లలో ఎవరూ ఆలోచించరు. అలా వస్తే ఆసులన్నీ జోకర్లవుతాయి. ఆట మధ్యలో అది బయటపడితే చేతిలో ఆసులున్నవాళ్లు ఒక పక్షం, లేనివాళ్లు ఇంకో పక్షం.

సమస్య: ముక్కలు చాలడం లేదు

కూడిక చేసుకుంటే తెలిసిపోతుంది. ఒక కట్టలో 52. నలుగురికి పదమూడేసి పంచితే కట్ట అక్కడికే ఖాళీ, తీయడానికి ముక్క మిగలదు. ఇద్దరైతే ఒక కట్ట సరిపోతుంది, ముగ్గురి నుంచి ఆరుగురి దాకా రెండు కట్టలు. ఏడో మనిషి వస్తే మూడో కట్ట కలపండి. ఆట మధ్యలో మూసిన ముక్కలు (తీయడానికి బోర్లా పెట్టినవి) అయిపోతే, పైనున్న ఓపెన్ ముక్క ఒక్కటి వదిలి మిగతా పారేసినవి కలిపి మళ్లీ బోర్లా పెట్టాలి.

సమస్య: ఒక ముక్క పోయింది

సోఫా కింద వెతికారు, దొరకలేదు. ముందు నాలుగు రకాలూ విడదీసి ఒక్కోటి పదమూడు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి, పోయిందేదో తేలుతుంది. రమ్మీకైతే వాడని అచ్చు జోకర్ మీద ఆ ముక్క పేరు పెన్నుతో రాసేయండి, వెనక డిజైన్ ఒకటే కనుక ఎవరికీ తెలియదు.

పిల్లలు "నీ దగ్గర ఏడులున్నాయా?" అని అడిగి నాలుగేసి కూర్చే ఆటకైతే ఇంకా సులువు. కళావరు ఏడు పోయిందంటే మిగతా మూడు ఏడులూ తీసి పక్కన పెట్టండి. 48 ముక్కలు, 12 సెట్లు, ఆట హాయిగా నడుస్తుంది. ఇద్దరే ఆడితే ఆరు-ఆరుగా సమం కావచ్చు, అదొక్కటే లోటు. ఇదే ఆటలో "ఉండి కూడా లేదన్నాడు" అనే ఫిర్యాదు వస్తే పిల్లవాడి మీద విరుచుకుపడకండి. చాలాసార్లు చిన్న చేతిలో ముక్క వెనక ముక్క దాక్కుంటుంది. ముక్కలు తక్కువ పంచండి, ఏడు బదులు ఐదు.

సమస్య: చీటీల ఆట ఎంతకీ తెగడం లేదు

నలుగురు పిల్లలు, పదహారు చీటీలు. పండ్ల పేర్లు విసుగొచ్చి మా వైపు చేపల పేర్లు రాశారనుకోండి: వంజరం, చందువ, కొరమీను, బొమ్మిడాయి, ఒక్కోటి నాలుగు. చీటీ పక్కకు తోస్తూ నాలుగూ ఒకటే చేరగానే చేయి మధ్యలో పెట్టాలి. ఒక్కోసారి పది నిమిషాలైనా ఎవరి చేయీ పడదు.

కారణం ఇది. ఇద్దరు చెరో రెండు వంజరాలు పట్టుకుని వదలరు. మిగతా ఇద్దరు చెరో రెండు చందువలు పట్టుకుని వదలరు. ఇక కొరమీనూ బొమ్మిడాయీ మాత్రమే గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. ఎవరికి వాళ్లు "ఇంకో రెండే కదా" అనుకుంటారు. తోసే దిక్కు మార్చినా ఫలితం ఉండదు. పెద్దవాళ్లెవరైనా చప్పట్లు కొట్టి, అందరూ ఒకేసారి మూడు చీటీలు పక్కవారికి ఇచ్చేయాలని చెప్పండి. చేతిలో ఒక్కటే మిగులుతుంది కాబట్టి జతలు విడిపోతాయి, ముడి వీడుతుంది.

సమస్య: కలిపినా అవే ట్రిప్లెట్లు పక్కపక్కనే

కిందటి ఆటలో కూర్చినవే కదా, ముక్కలు అతుక్కునే ఉంటాయి. చేతిలో పట్టుకుని పైపైన జార్చే కలుపుడుకు అవి విడిపోవు. రెండు భాగాలు చేసి ఒకదాంట్లోకి ఒకటి దూర్చే పద్ధతిలో 52 ముక్కలకు ఏడుసార్లు కావాలని గణితజ్ఞులు బేయర్, డయాకొనిస్ 1992లో చూపించారు. రెండు కట్టలకు ఇంకా ఎక్కువే. అంత చేయి తిరగనివాళ్లు ముక్కలన్నీ చాప మీద బోర్లా పరిచి, రెండు చేతులతో ఒక నిమిషం కలియబెట్టండి. పిల్లలకు ఈ పని అప్పజెబితే వాళ్లకూ సరదా.

సమస్య: ముక్కలు అంటుకోవడం, ఎగిరిపోవడం

మలైకాజా తిన్న చేత్తో పట్టుకుంటే పాకం ముక్కకు ముక్క అతికిస్తుంది. తిండి ఒక పక్క, ఆట ఒక పక్క. ప్లాస్టిక్ ముక్కలైతే తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. కాగితపు ముక్కలకు నీళ్లు తగలనివ్వకండి, పొడిగుడ్డే. మైపాడు బీచ్‌కు కట్ట తీసుకెళ్లేవాళ్లకు గాలి ఇంకో తలనొప్పి. అక్కడ రమ్మీ కుదరదు, చీటీల బదులు గవ్వల మీద పేర్లు రాసి ఆడించండి.

సమస్య: పందెం మొదలైంది

"రమ్మీ నైపుణ్యమున్న ఆటని సుప్రీంకోర్టే చెప్పింది" అనే మామయ్య ప్రతి ఇంట్లో ఉంటాడు. నిజమే, 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో కోర్టు అలా అంది. ఆటను అడ్డం పెట్టుకుని లాభం చేసుకుంటే నేరం కావచ్చనీ అదే తీర్పులో ఉంది. ఆ సగం మామయ్య చెప్పడు. నోట్లు బయటకు రాకముందే తలా యాభై చింతగింజలు పంచేయండి, ఓడినవాళ్లు రాత్రి అంట్లు తోముతారు.