బంటీతో సహ్యాద్రికి: వానల్లో బయల్దేరే ముందు

ఆగస్టు 15కి శని ఆదివారాలు కలిసొస్తే చాలు, సగం హైదరాబాద్ పటాన్‌చెరు దాటి షోలాపూర్ రోడ్డు మీదే ఉంటుంది. నిరుడు మేమూ ఉన్నాం, వెనక సీట్లో మా కుక్క బంటీగాడితో. సహ్యాద్రి కొండల మీదున్న మహాబలేశ్వర్ దాకా ఆరువందల కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. ఈసారీ వెళ్తున్నాం కాబట్టి, అప్పుడు తెలియక చేసినవి ముందే రాసి పెట్టుకుంటున్నా. కుక్కతో వెళ్ళేవాళ్ళకు పనికొస్తాయి.

మనది గ్రానైట్ గుట్టల ఊరు. పడమటికి పోతుంటే జహీరాబాద్ వైపు నేల మారిపోతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట భూమి చీలికల్లోంచి పొర మీద పొరగా పారిన లావా గడ్డకట్టిందే అక్కణ్ణుంచి కనిపించే నల్లరాయి. సహ్యాద్రి కొండలు మెట్లు చెక్కినట్టు ఉండేది అందుకే. లావా ఎప్పుడో చల్లారింది, దానితో భయం లేదు. భయమల్లా ఆ మెట్ల అంచులతోనే.

మనకు ఏడాదికి 800 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడితే, మహాబలేశ్వర్‌లో 5,000 దాటుతుంది. రాయంతా నాచు పట్టి సబ్బులా జారుతుంది. మబ్బు దిగితే పది అడుగుల అవతల లోయ ఉందని మనకే తెలీదు, కుక్కకేం తెలుస్తుంది? దానికి తోడు ప్రతి పాయింట్ దగ్గరా కోతులు. ఓ కోతి పల్లీల పొట్లం లాక్కెళ్తుంటే బంటీగాడు దాని వెనక ఉరికాడు. కాలర్ తలమీంచి జారి నా చేతిలో మిగిలింది. రెయిలింగ్ దగ్గర ఆగాడు గానీ, నాకు అరగంట కాళ్ళ వణుకు తగ్గలేదు. అందుకే కాలర్ ఒక్కటే నమ్ముకోవద్దు, ఛాతీకి తొడిగే హార్నెస్ కావాలి. సాగే లీష్ ఇంట్లోనే వదిలేయండి. ఆరడుగుల మామూలు తాడు చాలు.

రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజు ఘాట్ ఎక్కకండి, రూమ్ డబ్బులు పోతే పోనీ. వాననీళ్ళు ఇంకి బరువెక్కిన మట్టి కింది రాతి మీంచి జారిపోతుంది. 2014 జూలై 30న పుణె జిల్లాలో మాళీణ్ అనే ఊరు అలాగే కొండచరియ కింద పూడిపోయింది. కుక్క మూత్రానికి కూడా కొండవాలు కింద బండి ఆపొద్దు.

నెల ముందే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నిలవ నీళ్ళలో ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టో (లెప్టోస్పైరోసిస్) అనే జబ్బు మనుషులకూ అంటుకుంటుంది. మీ కుక్క టీకాల పుస్తకంలో అది ఉందో లేదో చూడండి. మొదటిసారైతే కొన్ని వారాల తేడాతో రెండు డోసులు పడాలి, చివరి వారంలో పరిగెత్తితే కుదరదు. రేబీస్ టీకా సంగతి సరేసరి. పిడుదులకు, అదే టిక్స్‌కు, మందు కూడా అప్పుడే రాయించుకోండి.

పొద్దున జహీరాబాద్‌లో ప్రేమగా మూడు ఇడ్లీలు పెట్టాను. మధ్యాహ్నం వాయి అనే ఊరు దాటి పసరణి ఘాట్ మలుపుల్లో తిన్నదంతా సీటు మీదుంది. తప్పు నాదే. ఇడ్లీలు ఎప్పుడో అరిగాయనుకున్నా, పైగా దారిలో బిస్కెట్లు ఎవరు పెట్టారో మా పిల్లలు ఇప్పటికీ చెప్పరు. ఘాట్‌కి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపేయాలి. షోలాపూర్ పల్లీల చట్నీ మనకు అమృతమే, కానీ అందులో వెల్లుల్లి ఉంటుంది, కుక్కకు పడదు. అక్కడ వాన లేకపోతే ఎండ చురుక్కుమంటుంది. చేతి వెనకవైపు ఐదారు సెకన్లు రోడ్డు మీద ఆనించలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. ఏసీ ఆపి కారులో వదిలేసి టీకి వెళ్ళడం మాత్రం ఒక్క నిమిషానికి కూడా వద్దు.

ఫోన్లో "కుక్కైనా పర్లేదు" అన్న హోటలువాళ్ళు రాత్రి తొమ్మిదింటికి గుమ్మంలో కాదన్నారు. ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి. కోయనా లాంటి అభయారణ్యాల్లోకి పెంపుడు జంతువుల్ని రానివ్వరు, ఆ ప్లాను మానుకోండి. రాత్రి బయటికి తీసుకెళ్తే తాడు వదలొద్దు. ఆ కొండల్లో చిరుతలున్నాయి, కుక్కలంటే వాటికి ఇష్టమైన వేట.

తిరిగొచ్చాక వేళ్ళ సందులు, చెవుల లోపల, తోక కింద పిడుదుల కోసం రోజూ వెతకండి. మూడు వారాల్లోపు తిండి మానేసినా, ఒళ్ళు కాలినా, చిగుళ్ళు పాలిపోయినా, సహ్యాద్రి వెళ్ళొచ్చామన్న మాట డాక్టర్‌కి మొదటే చెప్పండి.