కరెంటు బిల్లు తగ్గించుకోవడం ఎలా? మీటరు దగ్గర మొదలుపెట్టండి

బిల్లు ఎక్కువ వచ్చిందంటే చాలు, ఇంట్లో లైట్లు ఆపుతూ తిరుగుతాం. మంచి అలవాటే. అయితే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు గంటసేపు వెలిగి కాల్చే కరెంటును 2,000 వాట్ల గీజర్ 16 సెకన్లలో కాల్చేస్తుంది. అందుకే ఇంట్లో ఏది ఎంత తింటుందో ముందు తెలుసుకుని, ఆ తర్వాతే పొదుపు మొదలుపెట్టమని అడిగినవాళ్ళందరికీ చెబుతుంటాను.

ముందుగా లెక్క తెలుసుకోండి

1,000 వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ కాలుతుంది. ప్రతి వస్తువు వెనకో అడుగునో ఉన్న స్టిక్కర్ మీద వాట్లు రాసి ఉంటాయి. వాట్లను వాడే గంటలతో గుణించి 1,000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. ఫ్రిజ్, ఏసీ లాంటివి మధ్యమధ్యలో ఆగి పనిచేస్తాయి కాబట్టి వాటికి ఈ లెక్క సరిగ్గా కుదరదు. మిగతా వాటికి సరిపోతుంది.

బిల్లును కూడా ఒకసారి నిదానంగా చదవండి. ఎన్ని రోజులకు వేశారు? రీడింగ్ చూసి వేశారా, అంచనాగా వేశారా? బిల్లులో ఉన్న రీడింగ్‌ను మీటరు మీది అంకెలతో పోల్చుకోండి. చాలాచోట్ల వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది. మీకూ అలాగే ఉంటే, మీరు తగ్గించే యూనిట్లన్నీ పై స్లాబులోవే, అంటే అన్నిటికన్నా ఖరీదైనవే. పది ఇరవై యూనిట్లు తగ్గినా బిల్లులో తేడా కనిపించేది అందుకే.

రాత్రిపూట మీటరు పరీక్ష

ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. పక్కనే 3200 లాంటి అంకె రాసి ఉంటుంది. ఆ లైటు అన్నిసార్లు మిణుక్కుమంటే ఒక యూనిట్ అన్నమాట. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే దాన్నే లెక్కలోకి తీసుకోండి.

పరీక్ష ఇలా చేయాలి. ఇంట్లో అన్నీ ఆపేయండి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పది నిమిషాలు తీసేయండి. మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచి, ఫోన్లో టైమర్ పెట్టుకుని మీటరు దగ్గర నిలబడండి. 3200 మీటరులో నిమిషానికి రెండుసార్లు మిణుక్కుమంటే దాదాపు 37 వాట్లు ఎక్కడో కాలుతున్నట్టు. వినడానికి చిన్న అంకెలా ఉంటుంది కానీ రోజంతా, నెలంతా అలాగే కాలితే 27 యూనిట్లు అవుతుంది.

మా ఇంట్లో ఈ పరీక్ష చేసిన రాత్రి నాకింకా గుర్తుంది. అన్నీ ఆపేశాం అనుకుని లెక్కపెడుతున్నాను. మూడు నిమిషాల దాకా లైటు అప్పుడప్పుడు మాత్రమే మిణుక్కుమంది. ఉన్నట్టుండి సెకనుకు దాదాపు రెండుసార్లు కొట్టుకోవడం మొదలుపెట్టింది. లోపలికి పరుగెత్తి ఒక్కో ఎంసీబీ (స్విచ్ బోర్డులో ఒక్కో లైనుకు ఉండే చిన్న బ్రేకర్ స్విచ్) దించుతూ పోతే వెనక బాత్రూమ్ దగ్గర ఆగింది. అక్కడి గీజర్ ఇండికేటర్ బల్బు ఎప్పుడో మాడిపోయింది. గోడ మీద స్విచ్ తలుపు చాటున ఉంటుంది. ఆన్‌లో ఉన్నట్టు ఎవరికీ తెలియక, నీళ్ళు చల్లారినప్పుడల్లా అదే మళ్ళీ కాచుకుంటోంది. ఎన్ని నెలలుగా అలా జరుగుతోందో! ఆ బల్బు మార్పించేదాకా నాకు నిద్ర పట్టలేదు.

మీరూ అలాగే ఎంసీబీలు ఒక్కొక్కటే దించి చూడండి. ఏది దించితే లైటు ఆగుతుందో ఆ లైన్లోనే దొంగ ఉన్నట్టు. సెట్‌టాప్ బాక్స్, వైఫై రూటర్, ఇన్వర్టర్ ఛార్జర్, రిమోట్‌తో మాత్రమే ఆపేసే టీవీ ఎక్కువగా దొరుకుతుంటాయి. ఆ లైన్లో ప్లగ్గులన్నీ తీసేసినా మిణుకుతుంటే వైరింగ్‌లో లీకేజీ ఉండొచ్చు. అది ప్రాణాలకు ప్రమాదం, వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మీటరు సీలు మాత్రం మీరు ముట్టుకోకండి.

వేడి చేసే వస్తువుల సంగతి

వేడి పుట్టించే ప్రతి వస్తువూ కరెంటు బాగా తింటుంది. 15 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచాలంటే దాదాపు 0.6 యూనిట్ పడుతుంది. 2,000 వాట్ల గీజర్‌కు అది 18, 20 నిమిషాల పని. కాబట్టి స్నానానికి 20 నిమిషాల ముందు వేసి, బాత్రూమ్‌లోకి వెళ్ళేటప్పుడు ఆపేయండి. ఒకరి తర్వాత ఒకరు వెంటనే స్నానం చేస్తే మిగిలిన వేడినీళ్ళు చల్లారిపోకుండా పనికొస్తాయి.

వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ళ సైకిల్ పెడితే కరెంటులో ఎక్కువ భాగం నీళ్ళు కాచడానికే పోతుంది. మామూలు మురికికి చన్నీళ్ళు చాలు. బట్టలు ఎండలో ఆరేసుకునే వీలుంటే డ్రయ్యర్ జోలికి వెళ్ళొద్దు. ఇస్త్రీ రోజుకో జత చేయకుండా వారానికి సరిపడా ఒకేసారి చేసుకోండి, పెట్టె మళ్ళీ మళ్ళీ వేడెక్కే పని తప్పుతుంది. కెటిల్‌లో ఎన్ని కప్పులు కావాలో అన్ని నీళ్ళే పోయండి.

ఏసీ వాడేవాళ్ళకు

గది త్వరగా చల్లబడుతుందని 18లో పెట్టేవాళ్ళు చాలామంది. నిజానికి 18లో పెట్టినా 25లో పెట్టినా ఏసీ మొదట్లో తన శక్తి మేరకే చల్లబరుస్తుంది. 18లో పెడితే ఆ అంకె చేరేదాకా ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది, అంతే తేడా. 25లో పెట్టి, సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. ఒంటికి గాలి తగులుతుంది కాబట్టి హాయిగానే ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుంది.

ఫిల్టరును రెండు వారాలకోసారి నీళ్ళతో కడిగి ఆరబెట్టి పెట్టండి. బయట యూనిట్ చుట్టూ గాలి ఆడాలి, దాని ముందు సామాన్లు పేర్చొద్దు. ఎండ పడే కిటికీకి లోపలి కర్టెన్ కన్నా బయట నీడ కల్పిస్తే ఎక్కువ ఫలితం. అద్దం దాటి వచ్చాక ఎండను ఆపినా వేడి గదిలోనే ఉండిపోతుంది.

ఫ్రిజ్: ఒక కాగితంతో చూడండి

ఏడాది పొడవునా ఆన్‌లో ఉండేది ఫ్రిజ్ కాబట్టి దానికి కాస్త శ్రద్ధ చూపించాలి. తలుపు మధ్యలో ఒక కాగితం పెట్టి మూయండి. లాగితే బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టు. సులువుగా జారి వచ్చేస్తే చల్లగాలి బయటికి పోతోంది. ముందు ఆ రబ్బరును గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడిచి మళ్ళీ చూడండి, చాలాసార్లు జిడ్డు వల్లే సరిగ్గా అతుక్కోదు. అప్పటికీ జారుతుంటే రబ్బరు మార్పించండి, కొత్త ఫ్రిజ్ కొనక్కర్లేదు.

లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉంటే సరిపోతుంది. గోడకు ఆనించకుండా, పొయ్యికి, ఎండకు దూరంగా పెట్టండి. ఫ్రీజర్‌లో మంచు వేలి మందాన పేరుకునేదాకా ఆగకుండా ముందే కరిగించండి. కత్తితో మాత్రం గీకొద్దు.

ఫ్యాన్లు, లైట్లు, మోటారు

పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను (బ్రష్‌లు లేని, కరెంటు తక్కువ తినే మోటారుతో తిరిగేది) 30 వాట్లతోనే ఇంచుమించు అంత గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యానును మారిస్తే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చే తొందర వద్దు. ఎక్కువ గంటలు తిరిగేదానితో మొదలుపెట్టండి, చుట్టాలొచ్చినప్పుడే వేసే గదిది పాతదే ఉండనివ్వండి. పెద్ద పెట్టెలాంటి పాత రెగ్యులేటర్లు స్పీడు తగ్గించినా కొంత కరెంటును వేడిగా వృథా చేస్తాయి, వాటి బదులు ఎలక్ట్రానిక్‌వి పెట్టించండి.

పాత 60 వాట్ల బల్బులు ఇంకా ఉంటే ఈ రోజే 9 వాట్ల ఎల్‌ఈడీలు పెట్టేయండి.

నీళ్ళ మోటారు ఉన్న ఇంట్లో కారే కుళాయి కూడా కరెంటు ఖర్చే. ముఖ్యంగా ఫ్లష్ ట్యాంకులో చప్పుడు లేకుండా కారుతుంటే ఎవరూ గమనించరు. ట్యాంకులో కాస్త రంగు కలిపి అరగంట ఆగండి. ఫ్లష్ చేయకుండానే కింద రంగు కనిపిస్తే కారుతున్నట్టే.

వారం వారం రాసుకోండి

మీటరు దగ్గరే ఒక కాగితం అంటించి, వారంలో ఒక రోజు ఒకే సమయానికి రీడింగ్ రాయండి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే దేనివల్ల ఎంత తగ్గిందో తెలియదు. ఈ వారం గీజర్ వేళలు, వచ్చే వారం ఏసీ, అలా ఒక్కొక్కటే మార్చండి. ఏదైనా వారం కారణం లేకుండా అంకె ఎగబాకితే, ఆ రాత్రే మళ్ళీ అన్నీ ఆపి ఎర్ర లైటు ముందు నిలబడండి.