కళాశాల స్ప్రింటర్లు కోర్ స్థిరత్వాన్ని సాధించడం ఎలా?

పూర్తి వేగంతో పరుగెత్తే స్ప్రింటర్ పాదం ఒక్కో అడుగులో నేలపై ఉండేది సెకనులో దాదాపు పదోవంతు మాత్రమే. శరీర బరువుకు కొన్ని రెట్లున్న బలాన్ని ఆ కాస్త వ్యవధిలోనే తట్టుకోవాలి కాబట్టి, కటి ఒక పక్కకు ఒరిగినా, నడుము లోపలికి వంగినా ఆ బలంలో కొంత వృథా అవుతుంది, తొడ వెనుక కండరాలపై భారమూ పెరుగుతుంది. అందుచేత స్ప్రింటర్‌కు ముఖ్యంగా కావలసింది నడుమును వంచే బలం కాదు, కదలనివ్వకుండా పట్టి ఉంచే బలం. కోర్ (పొట్ట, నడుము, తుంటి చుట్టూ ఉండే కండరాలు) స్థిరత్వం అంటే ఇదే. వందలకొద్దీ సిటప్‌లు తీయించడం వల్ల ఆయాసమే ఎక్కువ.

డెడ్ బగ్‌తో మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకుని, చేతులు నిటారుగా పైకి చాచి, తుంటి, మోకాళ్ల వద్ద 90 డిగ్రీల కోణం వచ్చేలా కాళ్లు ఎత్తాలి. నెమ్మదిగా గాలి వదులుతూ కుడి చేతిని తల వెనక్కి, ఎడమ కాలిని ముందుకు చాచి, నేలకు తగలకముందే ఆపి, తిరిగి యథాస్థానానికి తేవాలి. తోటి క్రీడాకారుడు నడుము కింద అరచేయి పెడితే లోపం ఇట్టే తెలుస్తుంది: అరచేతిపై ఒత్తిడి తగ్గిందంటే నడుము లేచినట్లే, కాలిని అంత దూరం చాచకూడదు. ఒక్కో వైపు 6 నుంచి 8 సార్లు చొప్పున 2 సెట్లు చాలు.

తరువాత సైడ్ ప్లాంక్, అంటే పక్కకు తిరిగి ఒక మోచేయి, పాదాల అంచు ఆధారంగా శరీరాన్ని తిన్నగా ఎత్తి ఉంచడం. నిమిషాల తరబడి వణుకుతూ ఉండేకంటే 10 సెకన్లు చక్కగా నిలిచి, కాస్త ఆగి, నాలుగైదు సార్లు చేయడం మేలు. చేతులు, మోకాళ్లపై ఉండి ఒక చేతిని, దానికి రెండో వైపు కాలిని తిన్నగా చాచే బర్డ్ డాగ్‌నూ ఇదే పద్ధతిలో చేయాలి.

ఇవి తడబాటు లేకుండా వస్తున్నప్పుడే వెల్లకిలా పడుకుని ఒక పాదం ఆధారంగా తుంటిని పైకెత్తే ఒంటికాలి గ్లూట్ బ్రిడ్జ్‌కు, ఆపై ఒక కాలు ముందుకు పెట్టి నిలబడి, పక్కనుంచి లాగే రబ్బరు బ్యాండ్‌ను ఛాతీ ఎదుటికి నెట్టే పాలోఫ్ ప్రెస్‌కు వెళ్లాలి.

వారానికి రెండు మూడు రోజులు, పావుగంట సరిపోతుంది. అయితే అలసిన నడుముతో వేగసాధన చేయడం ప్రమాదకరం కనుక దీన్ని పరుగు తరువాతే చేయాలి. నొప్పి వస్తే ఆపి ఫిజియోథెరపిస్టును కలవాలి.

నెలకోసారి 60 మీటర్ల పరుగును వెనుకనుంచి ఫోన్‌లో స్లో మోషన్‌లో తీయించుకోండి. చివరి అడుగుల్లో షార్ట్స్ నడుము పట్టీ బాగా ఒక పక్కకు వాలుతుంటే, మళ్లీ సైడ్ ప్లాంక్, ఒంటికాలి బ్రిడ్జ్‌లపై దృష్టి పెట్టాలి.