యూకేలో పాత కారు కొన్నారా? ఎంఓటీ తేదీ చూసుకోండి

యూకేకి కొత్తగా వచ్చి సెకండ్ హ్యాండ్ కారు కొన్న మనవాళ్లు ఇన్సూరెన్స్, రోడ్ ట్యాక్స్ గుర్తుపెట్టుకుంటారు గానీ ఎంఓటీ (కారు రోడ్డు మీద నడపడానికి భద్రంగా ఉందో లేదో చూసే తప్పనిసరి టెస్టు) సంగతి మరిచిపోతుంటారు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో కారుకు 3 ఏళ్లు నిండగానే మొదటి టెస్టు, ఆ తర్వాత ఏటా. తప్పితే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు.

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబర్ ప్లేట్ కొడితే గడువు తేదీతో పాటు పాత టెస్టుల్లో రాసిన లోపాలు, అప్పటి మైలేజీ కూడా కనిపిస్తాయి. కారు బేరం ఆడే ముందే ఇది చూడాలి నిజానికి! అక్కడే రిమైండర్ కూడా ఉచితంగా పెట్టుకోవచ్చు.

గడువు చివరి రోజు దాకా ఆగక్కర్లేదు. జూన్ 20న అయిపోతుంటే, మే 21 నుంచి ఎప్పుడు చేయించినా వచ్చే ఏడాది తేదీ మారదు.

సెంటర్ కావాలంటే నీలం బోర్డు మీద మూడు తెల్ల త్రికోణాలున్న గ్యారేజీ చూడండి. కారుకు ఫీజు 54.85 పౌండ్లు మించకూడదు, తక్కువకు చేసేవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే మీ కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) నడిపే సెంటర్ ఉందేమో ముందు వెతకండి. చాలాచోట్ల వాళ్లు బయటివాళ్ల కార్లకు టెస్టు మాత్రమే చేస్తారు, రిపేర్లు చేయరు. కాబట్టి లేని లోపం చూపించి బిల్లు పెంచే అవసరం వాళ్లకు ఉండదు. బయల్దేరే ముందు లైట్లు, వైపర్లు, టైర్ల అరుగుదల మీరే ఓసారి చూసుకోండి. చిన్న బల్బు పోయినా ఫెయిల్ చేసేస్తారు.