గీత పడని నాణెం దొరకాలంటే

నాణేలు సేకరించేవారిలో ఎక్కువమంది పాతవాటి వెంట పడతారు గానీ, ఇప్పుడు చలామణిలో ఉన్న ఐదు, పది, ఇరవై రూపాయల నాణేల్లో టంకశాల మెరుపు చెక్కుచెదరనిది ఒక్కటి దొరకడం ఎంత కష్టమో వెతికితేనే తెలుస్తుంది. మనుషుల చేతులు అరగదీయడానికి చాలా ముందే, తోటి నాణేలు దాన్ని పాడుచేస్తాయి. ముద్ర పడగానే అది తొట్టిలో వందల నాణేల మీద పడుతుంది, తరువాత సంచిలో వాటితో రాసుకుంటూ ఊళ్లు దాటుతుంది. దుకాణం గల్లాపెట్టెలోకి చేరేసరికి మేలైన నాణెం అంటూ దాదాపు మిగలదు కాబట్టి, మనం దాన్ని అంతకు ముందే అందుకోవాలి.

అందుకు తగిన చోటు బ్యాంకు. విజయవాడలో నేను నెల మొదటివారం, పింఛన్ల రద్దీ ఉన్న రోజులు వదిలేసి, మధ్యాహ్నం భోజన విరామం అయ్యాక వెళ్లి, విప్పని చిల్లర ప్యాకెట్ ఉందా అని క్యాషియర్‌ను అడుగుతాను. సాధారణంగా వంద నాణేలు ఒక పాలిథిన్ సంచిలో ఉంటాయి. ‘కొత్తవి కావాలి’ అంటే క్యాషియర్ తళతళలాడేవి ఏరి ఇవ్వబోతారు. ఆయన వేళ్లు పడకుండా సంచి సంచిగానే ఇమ్మనడం మేలు. పది రూపాయల నాణెం చెల్లదన్న పుకారు మన ప్రాంతంలో చాలాకాలం నడిచింది. 14 రకాల నమూనాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలో స్పష్టం చేసినా కొందరు వ్యాపారులు ఇప్పటికీ నసుగుతారు. సేకరించేవారికి మాత్రం ఆ పుకారు కలిసివచ్చింది, ఎందుకంటే చేతులు మారని పది రూపాయల నాణేలు ఇంకా దొరుకుతున్నాయి. ఏరగా మిగిలినవాటిని వన్‌టౌన్‌లో చిల్లర అవసరమైన దుకాణాల్లో మార్చుకోవచ్చు, కాబట్టి ఈ వెతుకులాటకు సమయం తప్ప ఖర్చు లేదు. అయితే 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆ పైవిలువ నాణేలు వెయ్యి రూపాయల మొత్తం వరకే చట్టబద్ధమైన చెల్లింపు అవుతాయి గనుక, ఒకేచోట గుమ్మరించి తీసుకోమని పట్టుబట్టకూడదు. గుడి హుండీ నుంచి వచ్చిన చిల్లర ఈ పనికి పనికిరాదు. పసుపు కుంకుమలు అంటిన నాణెం ఎంత పవిత్రమైనా మరక మరకే.

ఇంటికి తెచ్చిన సంచిని బల్ల మీద మెత్తని గుడ్డ పరచి మెల్లగా విప్పాలి. ఒక్కొక్క నాణేన్నీ అంచుల దగ్గర మాత్రమే బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య పట్టుకుని, ఒకే దీపం కింద నెమ్మదిగా వంచుతూ చూడాలి. అసలు మెరుపు నిలిచి ఉంటే వెలుతురు చక్రంలా నాణెం మీద తిరుగుతుంది. అరిగినచోట ఆ తిరుగుడు తెగి, బూడిదరంగు మచ్చలా కనిపిస్తుంది. ముందుగా చూడవలసినవి ఎత్తైన భాగాలు, అంటే సింహాల ముఖాలు, అంకె అంచులు. తరువాత పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ భాగాన్ని పరిశీలించాలి. రెండు లోహాల నాణెంలో లోపలి బిళ్లకూ బయటి వలయానికీ మధ్య అతుకును ప్రత్యేకంగా చూడాలి, మరక తరచు అక్కడే మొదలవుతుంది. నాణెం స్థితిని అంకెల్లో చెప్పడానికి ప్రపంచమంతటా వాడే షెల్డన్ కొలమానంలో 70 అత్యున్నతం, 60 నుంచి పైవన్నీ చలామణిలో తిరగనివి. మనం కనీసం 65 స్థాయి కోసం చూడాలి. నా లెక్కలో వందకు రెండు దొరికితే ఆ రోజు ధన్యమే.

ఏ టంకశాలలో ముద్ర పడిందో చెప్పే, సంవత్సరం కింద ఉండే గుర్తును మరవకూడదు: నక్షత్రమైతే హైదరాబాద్, వజ్రాకారమైతే ముంబయి, చుక్క అయితే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే సంవత్సరపు నాణేన్ని నాలుగు గుర్తులతోనూ మేలైన స్థితిలో కూడబెట్టాలంటే ఏళ్లు పడుతుంది. 2022 జూన్ 6న విడుదలైన అమృత్ మహోత్సవ్ వరుసలో రూపాయి నుంచి ఇరవై వరకు ఐదు విలువలు ఉన్నాయి, కొత్తగా మొదలుపెట్టేవారికి అది చక్కని ఆరంభం. టంకశాలలు సేకర్తల కోసం ప్రత్యేకంగా ముద్రించి అమ్మే ప్రూఫ్ సెట్లు అద్దంలా ఉంటాయి గానీ వాటిని కొంటాం, వెతకం.

దొరికిన నాణేన్ని చింతపండుతో గానీ విభూతితో గానీ తోమడం దాన్ని చంపడమే. తోమితే ఇత్తడి చెంబుకు అందం, నాణేనికి గీతలు. నిల్వలో నేను చేసిన తప్పు ఇంకొకటి. పసుపుపచ్చని నికెల్ ఇత్తడి ఐదు రూపాయల నాణేలను మెత్తని పీవీసీ జేబుల్లో పెట్టి మరచిపోతే, రెండు వర్షాకాలాలు గడిచేసరికి వాటి మీద జిగురుగా పచ్చని పొర పట్టింది. ఇప్పుడు ఒక్కో నాణెం పట్టే గట్టి ప్లాస్టిక్ గుళికలే వాడుతున్నాను. పాత ఐదు రూపాయలకు 23 మిల్లీమీటర్లవి, 2019 నుంచి వచ్చిన ఐదు రూపాయలకు 25 మిల్లీమీటర్లవి, పదికీ ఇరవైకీ 27 మిల్లీమీటర్లవి సరిపోతాయి. కృష్ణ ఒడ్డున గాలి తడిగా ఉంటుంది కాబట్టి గుళికలు పెట్టిన డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, వర్షాలు మొదలయ్యే ముందే దాన్ని మార్చాలి.