పోపు వేస్తే ఇల్లంతా దగ్గు: ఫ్లాట్ వంటింట్లో పొగ ఎందుకు పోదు?

మా వంటింటికి ఉన్న ఒకే కిటికీ డక్ట్‌లోకి తెరుచుకుంటుంది. ఎండుమిరపకాయ వేగితే చాలు, హాల్లో కూర్చున్న అత్తయ్యకి దగ్గు మొదలు. కొత్త ఫ్యాన్ కొనేద్దాం అనుకున్నాం. కొనే ముందు ఒక అగరుబత్తి వెలిగించి చూడడం మంచిదైంది.

సమస్య: ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది, పొగ పోవట్లేదు

అగరుబత్తిని స్టవ్ దగ్గర పట్టుకుంటే పొగ అక్కడక్కడే తిరిగి హాల్లోకి జారింది. ఫ్యాన్ పక్కనున్న కిటికీ దగ్గర పట్టుకుంటే మాత్రం గీత గీసినట్టు ఫ్యాన్‌లోకి వెళ్ళిపోయింది. అంటే ఫ్యాన్ కిటికీలోంచి వచ్చే గాలినే లాగి బయట పడేస్తోంది, స్టవ్ మీది పొగ దాకా దాని బలం రావట్లేదు. కిటికీ తెరిస్తే మంచిదని ఇన్నాళ్ళూ మేమే తెరిచి పెట్టాం!

పరిష్కారం: ఫ్యాన్ పక్క కిటికీ మూసి, వంటింటి తలుపు, హాల్ అవతలి బాల్కనీ తలుపు జానెడు తెరవండి. అప్పుడు గాలి హాల్లోంచి వంటింట్లోకి వచ్చి, పొగను తోసుకుంటూ బయటకి పోతుంది. అన్నీ మూసేసినా పని జరగదు, లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ దేన్ని లాగుతుంది? స్టవ్ వెలిగించే ముందే ఫ్యాన్ వేసి, వంటయ్యాక పది నిమిషాలు ఉంచండి. రెక్కలకి జిడ్డు పట్టి ఉంటే ప్లగ్ తీసి, వేడినీళ్ళు, గిన్నెల సబ్బుతో కడగండి.

సమస్య: చిమ్నీ ఉన్నా అంతే

బయటికి గొట్టం ఉందా చూడండి. గొట్టం లేని రకం గాలిని ఫిల్టర్ గుండా పంపి మళ్ళీ ఇంట్లోకే వదులుతుంది. అందులోని కార్బన్ ఫిల్టర్ కడిగితే పనికిరాదు, మార్చాల్సిందే. గొట్టం ఉన్నదైతే వంపులు ఎన్ని ఎక్కువైతే లాగే బలం అంత తగ్గుతుంది.

సమస్య: మూకుడు వేడెక్కగానే పొగ

కారణం నూనె. గానుగ వేరుశనగ నూనె సుమారు 160 డిగ్రీల దగ్గరే పొగ మొదలుపెడుతుంది, రిఫైన్డ్ నూనె 230 దాకా ఆగుతుంది. ఒకసారి బూరెలు వేయించిన నూనె నుంచి ఇంకా ముందే పొగ వస్తుంది. గానుగ నూనె మానక్కర్లేదు, మంట తగ్గిస్తే చాలు.

పోపులో మా ఇంట్లో పనిచేసింది ఇది: ఆవాలు చిటపటలాడాక స్టవ్ ఆపేసి, ఆ వేడికే ఎండుమిర్చి వేసి వెంటనే మూత. మిర్చి ఎర్రగానే ఉంటుంది, నల్లబడదు. నల్లబడితే ఘాటు ఇంకా ఎక్కువ.

సమస్య: మంట పసుపుగా, గిన్నెల అడుగున మసి

బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయి. చల్లారాక తీసి పిన్నుతో శుభ్రం చేసి, తడి లేకుండా ఆరబెట్టండి. నీలం మంట రాకపోతే మెకానిక్‌ని పిలవాలి. ఇలాంటి మంటతో తలుపులన్నీ మూసి వండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు.

గ్యాస్ వాసన వస్తే మాత్రం ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయకండి, ఏ స్విచ్చీ ముట్టుకోకండి. రెగ్యులేటర్ ఆపి, తలుపులన్నీ తీసి, బయటికొచ్చి గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి.